మేనరికానికి మరమ్మతు కుదరదు

మేనరికాలు ఎప్పుడో పోయాయని హైదరాబాద్‌లో స్థిరపడ్డ మాబోటి వాళ్లం అనుకుంటూ ఉంటాం. పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 26 మంది దాకా రక్తసంబంధీకుల్నే చేసుకున్నారు. తెలంగాణలో 18 మంది. తమిళనాడు, కర్ణాటక మనకంటే కాస్త పైన ఉన్నాయి. దేశం మొత్తం మీద సగటు 11. అంటే ఆంధ్రలో ఏ పెళ్లి బంతిలోనైనా నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుంటే, వాళ్లలో సగటున ఒకరు బావనో మామయ్యనో మరో చుట్టాన్నో చేసుకున్నవాళ్లే అయ్యుంటారు.

ఈమధ్య మా చుట్టాల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా ఒకే వాదన వింటున్నాను. ఆచారాన్ని పూర్తిగా వదిలెయ్యడం దేనికి, కాస్త మార్చుకుంటే పోదా అని. ఇప్పుడు టెస్టులున్నాయి, చేయించి చూద్దాం. పిల్లా పిల్లాడూ ఇష్టపడితేనే చేద్దాం. మేనమామకివ్వడం మానేసి బావామరదళ్ల వరకే ఉంచుకుందాం. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఈ మాటలనేవాళ్లు మూర్ఖులేం కాదు, మా ఇంట్లో చదువుకున్నవాళ్లే. అయినా నేను ఒప్పుకోను.

ఎందుకో ముందే చెప్పేస్తాను. బావామరదళ్లు పెళ్లి చేసుకోవడమొక్కటే మేనరికం కాదు. ఒక పిల్ల మీద, ఆ పిల్ల పుట్టకముందు నుంచే, ఇంకో ఇంటికి ఉండే హక్కు మేనరికం. పెళ్లి ఆ హక్కును వసూలు చేసుకోవడం మాత్రమే. హక్కును ఉంచి టెస్టులు చేయిస్తే మారేదేమీ ఉండదు. హక్కును తీసేస్తే ఇక మార్చడానికి ఆచారమంటూ ఏదీ మిగలదు.

మా అమ్మానాన్నలది మేనరికం. మా నానమ్మా, మా అమ్మ వాళ్ల నాన్నా సొంత అక్కాతమ్ముళ్లు. ఇది మామూలు సంగతే. పిన్నిది ఇంకా దగ్గర సంబంధం. అమ్మమ్మ తన రెండో కూతుర్ని సొంత తమ్ముడికే ఇచ్చింది. అమ్మమ్మ ఎనిమిదిమందిలో పెద్దది, ఆయన ఆఖరివాడు, పిన్నికీ ఆయనకీ పదేళ్ల లోపే తేడా. దాంతో పిన్నికి కన్న అమ్మమ్మే అత్తగారైంది, సొంత తల్లి ఆడపడుచైంది. పెళ్లిలో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావాల్సింది మేనమామ కదా. ఆ మేనమామే పెళ్లికొడుకై పీటల మీద కూర్చున్నాడు గనక ఇంకో మామయ్య మోశాడట. ఆయన్ని చిన్నతాతయ్య అనాలో బాబాయ్ అనాలో మా పిల్లలకు చాలాకాలం తేలలేదు. చివరికి బాబాయ్ దగ్గర స్థిరపడ్డాం.

ఇది మా ఒక్క ఇంటి పిచ్చి అనుకుంటే పొరపాటు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు చోళుల మేనల్లుడు. ఆయన తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. ఆయన చేసుకున్న అమ్మంగదేవి మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు కులోత్తుంగుడు కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. ఈ వరస మేనరికాల పుణ్యమా అని 1070లో చోళ సింహాసనమే వేంగి మనవడి చేతికొచ్చింది. ఆస్తి బయటికి పోకూడదని చేసే పెళ్లిళ్లలో ఇంత పెద్ద ఆస్తి ఇటునుంచి అటు వచ్చిన సందర్భం నాకు ఇంకోటి తెలీదు. పురాణాల సంగతికొస్తే అర్జునుడికి సుభద్ర మేనమామ కూతురు. అది చాలదన్నట్టు, వ్యాసుడి భారతంలో లేని శశిరేఖను కల్పించుకుని మరీ అభిమన్యుడికి మేనమామ కూతుర్నిచ్చి పెళ్లి చేశాం మనం.

సనాతనం, శాస్త్రసమ్మతం అనేవాళ్లకు బౌధాయన ధర్మసూత్రం చూపించాలి. దక్షిణాదివాళ్లకు మాత్రమే ఉన్న అలవాట్లు ఐదని అందులో ఒక జాబితా ఉంది. ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. ఉత్తరాదివాళ్లకూ ఇలాంటివే ఐదు అంటగట్టాడు, అందులో మద్యం తాగడం, సముద్రం దాటడం ఉన్నాయి. అంటే రెండువేల ఏళ్ల కిందటే దీన్ని ధర్మం అనలేదు, ఆ ప్రాంతంవాళ్ల అలవాటు అన్నారు, చెల్లుతుందా చెల్లదా అని తర్జనభర్జన పడ్డారు. జాబితాలో మొదటి మూడింటితో నాకే పేచీ లేదు. ఎండాకాలంలో చద్దన్నాన్ని మించింది లేదు.

మన లెక్కలో ఒక తమాషా ఉంది. పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది, ఆ పెళ్లి ఊహకే చెవులు మూసుకుంటాం. మేనత్త కూతురు మరదలవుతుంది, ఊయల్లో ఉండగానే పరాచికాలు మొదలు. శరీరానికి ఈ తేడా ఏమీ తెలీదు. ఇద్దరితోనూ మనకు కలిసే జన్యువుల వాటా ఒకటే, సగటున ఎనిమిదో వంతు. గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది గనక మేనమామ కూతురిది వేరే గోత్రం అవుతుంది, సరిపోయిందనుకుంటాం. తల్లి వైపు నుంచి వచ్చే రక్తాన్ని గోత్రం అసలు చూడదు. పాతబస్తీ ముస్లింలలో చిన్నాన్న పిల్లల మధ్య కూడా పెళ్లిళ్లవుతాయని మన ఇళ్లలో వింతగా చెప్పుకుంటారు. వాళ్లది మనకంటే దగ్గర సంబంధమేం కాదు. మేనమామకివ్వడమే ఇంకా దగ్గర, అక్కడ వాటా నాలుగో వంతు. ముస్లింలకు అది మతం ప్రకారమే నిషిద్ధం.

ఎందుకు చేసేవాళ్లో నాకు బాగానే అర్థమవుతుంది. మా తెనాలి వైపు మాగాణి రెండెకరాలు ఉన్నవాడికి ముగ్గురు పిల్లలుంటే భూమి ముక్కలు కాకుండా ఉండటమే పెద్ద సమస్య. కట్నం తక్కువ, ఒక్కోసారి అసలుండదు. పిల్ల కళ్లెదుట ఉంటుంది, అత్తగారు ఎలాంటిదో ముందే తెలుసు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమానవాటా ఇచ్చినప్పుడు (కేంద్రం ఆ పని 2005లో చేసింది) మా ఊళ్లో కొందరు పెద్దలు సంతోషించడం పోయి, ఇక బయటికిస్తే పిల్లతోపాటు పొలం కూడా పోతుందని లెక్కలేశారు. ఆడపిల్లకు మేలు చెయ్యాలని తెచ్చిన చట్టం ఆ పిల్లను ఇంకాస్త గట్టిగా ఇంట్లోనే కట్టేసే వంకైంది.

మేనమామ పెళ్లిళ్లను నిజంగా దెబ్బకొట్టింది సంస్కర్తలు కాదు, చిన్న కుటుంబాలు. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవాలంటే అక్కకీ తమ్ముడికీ మధ్య పదిహేను, ఇరవయ్యేళ్ల తేడా ఉండాలి. అక్కకు పదహారేళ్లకే పెళ్లయి బిడ్డ పుట్టాలి. తల్లి ఎనిమిదిమందిని కన్న ఇళ్లలో ఇది కుదిరింది. అదే 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మేనమామకీ మేనకోడలికీ పాతికేళ్ల తేడా వస్తుంది, ఎవరూ అడగరు. కాబట్టి 'మేనమామ వరస మానేద్దాం' అనేవాళ్లు వదులుకుంటున్నదేమీ లేదు. కాలం ఎప్పుడో పట్టుకుపోయినదాన్ని ఇప్పుడు త్యాగం కింద రాస్తున్నారు, అంతే.

ఇక ఆరోగ్యం సంగతి. ఇక్కడ మనవైపు వాదించేవాళ్లే ఎక్కువ చెప్పి చెడగొడుతున్నారు. మేనరికం చేసుకుంటే పిల్లలు అవిటివాళ్లు పుడతారని టీవీలో బెదిరిస్తే, ఊళ్లో పెద్దమనిషి చుట్టూ చూసి నవ్వుతాడు. ఆయనా, ఆయన అన్నదమ్ములూ, పిల్లలూ అందరూ నిక్షేపంగా ఉంటారు మరి. అసలు లెక్క ఇది. ఏ దంపతులకైనా బిడ్డ తీవ్రమైన పుట్టులోపంతో పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. సొంత బావామరదళ్లకు అది సుమారు రెట్టింపవుతుంది. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన వేలమంది పిల్లల మీద చేసి, 2013లో లాన్సెట్‌లో అచ్చయిన అధ్యయనంలోనూ ఇదే తేలింది, మూడు నుంచి ఆరుకు పెరిగింది. అంటే నూటికి 94 మంది బాగానే పుడతారు. ఆచారం ఇన్ని వందల ఏళ్లు బతికింది ఆ 94 మంది వల్లే. ప్రతి ఇంట్లోనూ నష్టం కనిపించి ఉంటే మన ముత్తాతలే మానేసేవాళ్లు, వాళ్లేం తెలివితక్కువవాళ్లు కాదు.

చార్లెస్ డార్విన్‌దీ మన లెక్కలో అచ్చమైన మేనరికమే. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను చేసుకున్నాడు. పదిమంది పిల్లలు, ముగ్గురు చిన్నప్పుడే పోయారు. తన పెళ్లి వల్లే పిల్లలు బలహీనంగా పుట్టారేమోనని ఆయన బతికినంతకాలం బెంగపడ్డాడు. కొడుకు జార్జ్ 1875లో లెక్కలు తీసి, అంత భయపడాల్సిందేమీ లేదని తేల్చాడు. అంతటివాడి ఇంట్లోనే లెక్క అంత సులువుగా తెమల్లేదు.

ఆరు శాతమన్నది సొంత బావామరదళ్ల లెక్క. మన ఇళ్లలో ఒక్క తరంతో ఆగదు. అమ్మానాన్నలది మేనరికం, అమ్మమ్మా తాతయ్యలదీ చుట్టరికమే, మళ్లీ పిల్లలకూ అదే వరస. తాతముత్తాతల పేర్లు రాస్తూ పోతే అవే నలుగురైదుగురు మళ్లీమళ్లీ వస్తారు. ఒకే లోపమున్న జన్యువు తల్లి దగ్గరా తండ్రి దగ్గరా దాక్కుని ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒకవంతు ప్రమాదం. తల్లిదండ్రులిద్దరికీ ఏ జబ్బూ ఉండదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పిన్ని పెద్దకొడుకు పుట్టుచెవిటివాడు. రెండో పిల్లకు ఏమీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు పిన్ని గ్రహణం వేళ బయట తిరిగిందని ఒకరు, నాగదోషమని ఒకరు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు, ఊరి చెరువుగట్టు మీద నాగప్రతిష్ఠ చేయించారు. గుంటూరులో ఒక డాక్టరు మాత్రం వాడి చెవి చూడకముందే 'మేనరికమా?' అని అడిగారట. తెలుగునాట పిల్లల డాక్టర్లు మొట్టమొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. మా వాళ్లు ఔనన్నారు, ఇంటికొచ్చారు, ఆ ప్రశ్న సంగతి ఎవరితోనూ చెప్పలేదు. గ్రహణం మాట మాత్రం ఊరంతా తెలుసు. లోపం ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు వస్తుంది. నింద మాత్రం గ్రహణంలో బయటికెళ్లిన తల్లి ఒక్కదానిదే. చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడేలా చెవి లోపల అమర్చే పరికరం) ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేస్తారన్న సంగతి మా ఇంటికి తెలిసేసరికి వాడు ఆ వయసు ఎప్పుడో దాటిపోయాడు. ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తున్నాడు. మా అందరికంటే మంచి చెస్ ఆటగాడు.

సరే, టెస్టులు చేయిద్దాం అంటున్నారు. తలసేమియాకు (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) చేయించాల్సిందే, మేనరికమైనా కాకపోయినా. హెచ్‌బీఏ2 అనే మామూలు రక్తపరీక్షతో తేలిపోతుంది. హైదరాబాద్‌లో తలసేమియా సికిల్ సెల్ సొసైటీ పాతికేళ్లకు పైగా నెత్తీనోరూ మొత్తుకుంటోంది, పెళ్లికి ముందు చేయించుకోండని. కానీ పుట్టుచెవుడు ఒక్కదానికే వందకు పైగా జన్యువులు కారణం కావచ్చు. రేచీకటితో మొదలై చూపు పోయే రెటినైటిస్ పిగ్మెంటోజా కూడా అంతే, ఒక్క జన్యువుతో తేలే జబ్బు కాదు. పెద్ద జన్యుపరీక్ష చేయించినా, రిపోర్టులో కొన్ని చోట్ల 'ఈ మార్పు హాని చేస్తుందో లేదో ఇంకా తేలలేదు' అని రాసి ఇస్తారు. ఆ ముక్క చదివి ఏ పెళ్లి ఆగుతుంది? అయినా మన ఇళ్లలో రిపోర్టు వచ్చేసరికి శుభలేఖలు అచ్చయి ఉంటాయి. పరీక్ష పేరు పరీక్షే గానీ, ఫెయిలయ్యే వీలు లేని పరీక్ష అది.

బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన గండం గడిచిపోదన్నదీ చెప్పాలి. వందల ఏళ్లుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే ఊరూ పేరూ వేరైనా ముత్తాతలు ఒకరే కావచ్చు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు కొందరు వైశ్యులకు పడదని, దాని నుంచి చాలాసేపటిదాకా కోలుకోలేరని మత్తు డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. ఎందుకన్న లెక్కను హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ఒక పరిశోధనలో వివరించారు. ఎప్పుడో కొద్దిమంది నుంచి మొదలై, బయట పెళ్లిళ్లు లేకుండా పెరిగిన సమూహాల్లో ఇలాంటివి ఎక్కువ కనిపిస్తాయట. ఏ కులంలో ఏ లోపం దాగుందో ఇంకా తవ్వాల్సింది చాలా ఉంది. మేనరికం వద్దంటే తలూపే మా బంధువులు ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు.

ఆరోగ్యమొక్కటే అయితే నేను ఇంత గట్టిగా రాసేదాన్ని కాదు. రేపు ఎవరో అన్ని జన్యువుల్నీ తేల్చేసే పరీక్ష కనిపెట్టారనుకుందాం, అప్పుడు మేనరికం మంచిదైపోతుందా?

'పిల్ల ఇష్టపడితేనే' అనే షరతు చూడండి. మా ఇళ్లలో ఆడపిల్ల పుట్టగానే మేనత్త వచ్చి 'నా కోడలు పుట్టింది' అంటుంది. మాటలొచ్చే వయసుకు బావ ఇంటికొస్తే 'నీ మొగుడొచ్చాడే, మంచినీళ్లివ్వు' అంటారు. పదో తరగతిలో ఇంకెవరితోనైనా నవ్వుతూ మాట్లాడితే 'మీ బావకి చెప్తా' అంటారు. ఇదంతా సరదాకే. పదిహేడేళ్లు ఈ సరదా విన్నాక ఒకరోజు కూర్చోబెట్టి 'నీకు ఇష్టమేనా తల్లీ' అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్తుంది? కాదంటే పోయేది ఒక సంబంధం కాదు, వాళ్లమ్మకో నాన్నకో తోడబుట్టినవాళ్లే దూరమవుతారు. బయటి సంబంధాన్ని ముక్కు బాలేదని చెప్పి కాదనొచ్చు. బావను కాదనాలంటే రెండు ఇళ్లను విడగొట్టే ధైర్యం కావాలి. కుండమార్పిడి అయితే ఇంకా ఘోరం. ఈ ఇంటి పిల్ల అటూ ఆ ఇంటి పిల్ల ఇటూ ఇచ్చిపుచ్చుకున్నాక, ఒక జంట విడిపోతే రెండో జంట కూడా ఉలిక్కిపడాల్సిందే. మగపిల్లలకూ ఈ బంధనం ఉంది, కాదనను. ఎవర్నో ప్రేమించి, మరదల్ని కాదన్నందుకు ఇంటికి రాలేని బావలు నాకు తెలుసు. కానీ వాళ్లు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోగలిగారు. మరదలు ఎక్కడికి వెళ్తుంది?

పెళ్లయ్యాక వచ్చే చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు. ఆడపిల్లకు కష్టమొస్తే వెళ్లడానికి పుట్టిల్లుండాలి. పిన్నికి లేదు. గొడవపడి వాళ్లమ్మ దగ్గరికి వస్తే, అమ్మమ్మ కూతురి మాట వినాలా, సొంత తమ్ముడి మాట వినాలా? రెండువైపులా తనవాళ్లే గనక ఎవరి వైపూ మాట్లాడేది కాదు. అన్నం పెట్టి సాయంత్రం బస్సెక్కించేది. మేనరికంలో అత్తగారు ఆరళ్లు పెట్టదని, ఎంతైనా మన రక్తమని అంటారు. మన రక్తం కాబట్టే ఫిర్యాదు చెయ్యడానికి మూడో మనిషి మిగలడని మాత్రం అనరు.

ఈ వాదనంతా ఒకసారి పిన్నితోనే పెట్టుకున్నాను. ఆవిడ జవాబు నన్ను చాలాకాలం తిప్పలు పెట్టింది. 'బయటివాడికిచ్చి ఉంటే, చెవిటి పిల్లాణ్ణి కన్నానని ఆ ఏడాదే పుట్టింట్లో వదిలేసి ఇంకో పెళ్లి చేసుకునేవాడే. మీ బాబాయి నన్ను ఒక్క మాటనలేదు' అంది. నిజమే, బాబాయ్ ఏమీ అనలేదు. కొడుకు కోసం గుంటూరుకు తిరిగిందీ, సైగలు నేర్చుకున్నదీ ఆయనే. అలాంటి పిల్లలున్న తల్లుల్ని వదిలేసిన బయటి అల్లుళ్లూ మా ఊళ్లోనే ఉన్నారు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఉన్నంతవరకు ఇదీ: బాబాయ్ మంచివాడు కావడం పిన్ని అదృష్టం, ఆచారం గొప్పతనం కాదు. ఇదే వరసలో పెళ్లయిన మా ఇంకో పెద్దమ్మకు అంత మంచివాడు దొరకలేదు. ఆవిడకు వెళ్లే చోటూ లేకపోయింది. ఆ ఇద్దరి కథల్లోనూ ఆచారం చేసిన పని ఒకటే, తలుపులు మూసింది. లోపలున్న మనిషి ఎలాంటివాడన్నది జాతకం.

ఆచారం పోతే ఖర్చేమీ ఉండదని నేను చెప్పను. మేనరికం తగ్గినచోట మ్యారేజ్ బ్యూరోలూ, ప్యాకేజీ లెక్కలూ, కట్నాలూ వచ్చి కూర్చుంటున్నాయి. మనకు ఇది కొత్త కాదు. ముసలివాళ్లకు డబ్బు తీసుకుని ఆడపిల్లల్ని అమ్మే కన్యాశుల్కం పోయిందని సంతోషించేలోపే వరకట్నం వచ్చి, 1961లో దానికో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ చట్టమూ ఎలా అమలవుతోందో అందరికీ తెలిసిందే. కానీ కట్నం భయంతో బావకివ్వడం అంటే ఒక తప్పు నుంచి తప్పించుకోడానికి ఇంకో తప్పులో పిల్లను దాచడమే. వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, వితంతువుల జీవితాన్ని కాస్త సుఖంగా మారుద్దాం, గుండు మాత్రం మానిపిద్దాం అని సర్దుబాటు చెయ్యలేదు. పెళ్లే చేశారు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేసే జోగిని ఆచారాన్ని కూడా ఎవరూ బాగుచెయ్యాలని చూడలేదు, 1988లో రాష్ట్రంలో చట్టం చేసి నిషేధించారు. మేనరికాన్ని వాటితో సమానం అననుగానీ, ఒక మనిషి మీద ఇంకొకరికి పుట్టుకతోనే హక్కు ఇచ్చే ఏ ఆచారానికైనా మధ్యేమార్గం ఉండదన్నదే నా మాట.

ఈ హక్కు నాకూ ఉంది. నాకో కొడుకున్నాడు, మా అన్నయ్యకో కూతురుంది. మా లెక్కలో అది నా కోడలు. ఆ పిల్లకు ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు (ఆ ఫంక్షన్ మీద నా అభిప్రాయం ఇంకో వ్యాసానికి సరిపోతుంది) పెద్దవాళ్లు మామూలుగానే మొదలెట్టారు, అత్తాకోడళ్లు పక్కపక్కన నిలబడండి, ఫోటో తీస్తామని. నేను అందరిముందే చెప్పేశాను, అది నాకు మేనకోడలే, కోడలు కాదు, మా వాడికి మీ పిల్ల మీద ఏ హక్కూ లేదు, ఇక ఈ సరసాలు మా ఇద్దరి పిల్లల దగ్గర వద్దని. మంచిపని చేశాననుకున్నా. వదిన ముఖం మాడిపోయింది. 'మా పిల్లలో ఏం లోపం కనబడిందో' అని లోపలికెళ్లి ఏడ్చిందట. హక్కు అడగడం ప్రేమ, వదులుకోవడం అవమానం! ఒక ఆచారం ఇంట్లో ఎంత లోతుగా దిగిందో తెలుసుకోవాలంటే దాన్ని పాటించి చూస్తే లాభం లేదు, మర్యాదగా వద్దని చూడాలి.

ఇక్కడ మన చట్టం చెప్పే మాట ఒకటి నాకు బాగా నచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ మేనకోడళ్ల పెళ్లినీ, తోడబుట్టినవాళ్ల పిల్లల మధ్య పెళ్లినీ నిజానికి నిషేధించింది, ఆచారం ఒప్పుకుంటే తప్ప. మన మేనరికాలన్నీ ఆ 'తప్ప' మీదే నిలబడ్డాయి. ఆచారమంటే ఏమిటో అదే చట్టం మూడో సెక్షన్లో చెప్పింది. ఎంతోకాలంగా ఎడతెగకుండా, ఒకేలా పాటిస్తూ వచ్చినదై ఉండాలి. ఒక కుటుంబానికి మాత్రమే సంబంధించిన ఆచారమైతే, ఆ కుటుంబం దాన్ని మానేసి ఉండకూడదు. అంటే ఇంటి ఆచారాన్ని ఇల్లే ఆపెయ్యగలదని చట్టమే ఒప్పుకుంటోంది, దానికి కోర్టూ ప్రభుత్వమూ అక్కర్లేదు. మేనరికం ఒక్క మా ఇంటి ఆచారం కాదని, ప్రాంతమంతటిదీ అని లాయర్లు వాదించొచ్చు. వాదించుకోనివ్వండి, నాకు కావాల్సింది ఆ ఊహే.

దీన్ని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాశాను. మా తరంలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకరి పిల్లల మీద ఒకరు ఏ హక్కూ చెప్పుకోవద్దు, ఒప్పుకున్నవాళ్లు ఔనని రాయండి అని. సగంమంది రాశారు. ఒక పెదనాన్న, చట్టాలు కోర్టులో చూసుకో, ఇంట్లోకి తేకు అన్నాడు. ఇద్దరు గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టి మాట మళ్లించారు. వదిన ఏమీ రాయలేదు గానీ, పిన్ని ఫోన్ చేసి అసలు అనుమానం అడిగింది: 'హక్కు లేదంటున్నావు సరే, మరి మేనత్త పెట్టాల్సిన లాంఛనాలు పెడతావా, అవీ ఎగ్గొడతావా?' పెడతానన్నాను. పెళ్లికి గాజులూ, మొదటి సారె, పిల్ల పుడితే ఉయ్యాలా, అన్నీ నావే. ఆ మాట పిన్ని వదినకు మోసింది. ఆ వారంలోనే వదిన ఫోన్ చేసింది. ఇప్పుడు మా ఇద్దరి మధ్యా గొడవ, పిల్లను విజయవాడలో చేర్పించాలా, ఇక్కడ మా ఇంట్లో ఉంచి హైదరాబాద్‌లో చదివించాలా అన్నదాని మీద. మా ఇంట్లో ఉంచితే మళ్లీ జనం ఏమనుకుంటారో అని వదిన అంటోంది. అనుకోనీ అంటున్నాను నేను. ఇంకా తెగలేదు.